ఏడో వరుసలో అందరూ

ఈ ఉదయం ఆఫీసుకు వస్తుంటే మా చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. ఒక మాట చెవిన పడితే రెండు మాయం. కొన్న చీర సంగతి చెబుతోందో, ఒంట్లో బాగాలేదంటోందో తెలియలేదు గానీ, నాకు మాత్రం యాదగిరి సార్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను పని నేర్చుకున్నది అలాంటి విరిగిన గొంతు విన్న రోజునే.

కాకినాడ నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఒక కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో చేరినప్పుడు ఆయన మా పెద్ద. నాది ఆరు నెలల ప్రొబేషన్. భవనంలోని కంప్యూటర్లు, ఫోన్ల సమాచారమంతా స్విచ్ అనే పెట్టెల గుండా వెళుతుంది. రద్దీ పెరిగినప్పుడు ఏది ముందు వెళ్ళాలో తేల్చడానికి అందులో సున్నా నుంచి ఏడు దాకా వరుసలుంటాయి. ఏడో వరుసకే మొదటి దారి, అప్పట్లో అందులో ఫోన్లు మాత్రమే ఉండేవి. వరుస మార్చమని అడిగేవాళ్ళ కోసం సార్ ఒక కాగితం తయారుచేశారు. దాని చివరి గడిలో ‘మీ కోసం ఎవరు ఆగాలి?’ అని ఉండేది. అది నింపనిదే ఆయన కీబోర్డు ముట్టుకునేవారు కాదు.

నాకా ప్రశ్న మర్యాదగా అనిపించేది కాదు. పైగా నాకు మొహమాటం మెండు. సార్ వారం రోజులు సెలవు పెట్టగానే శిక్షణ వీడియోలు ఆగిపోతున్నాయని ఒకరు, పెద్ద ఫైళ్ళు కదలడం లేదని ఇంకొకరు వచ్చారు. గడి ఖాళీగా వదిలేసి అడిగిన వాళ్ళందరినీ ఏడో వరుసలో పెట్టేశాను. క్యాంటీన్‌లో నాకు చాయ్‌లు, సమోసాలు. ఎంత మంచిదాన్నో అని నాలో నేనే మురిసిపోయాను.

సార్ తిరిగొచ్చిన రోజు నన్ను మూడో అంతస్తుకు తీసుకెళ్ళారు. అక్కడ నర్సులు ఫోన్లో జనానికి వైద్య సలహాలిచ్చేవారు. ఒక హెడ్‌సెట్ నా చెవులకు పెట్టారు. పసిబిడ్డకు జ్వరం మందు ఎంత పోయాలని ఒక తల్లి అడుగుతోంది. నర్సు చెప్పిన కొలత సగంలోనే తెగిపోతోంది. మూడుసార్లు చెప్పినా ఆ తల్లికి అందలేదు. నాలుగోసారికి అందింది.

సార్ కోప్పడలేదు. “అందర్నీ ముంగటనే నిలవెడితే ఎనక ఎవరుంటరు బిడ్డా?” అన్నారు. ఫైలు జర ఆలస్యంగా వచ్చినా పనికొస్తుందనీ, మాట అలా కాదనీ చెప్పి, ఏడో వరుసలో ఫోన్లను మాత్రమే ఉంచి మిగిలినవన్నీ నా చేతనే కిందికి దింపించారు.

ఆ వారంలోనే మా డైరెక్టర్ వచ్చారు. విదేశీ క్లయింట్‌తో తన వీడియో సమావేశానికి ఏడో వరుస కావాలన్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే సంతకం ఆయనదే. సార్ కాగితాన్ని నా వైపు జరిపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నా గొంతు వణికింది. మీ కోసం మూడో అంతస్తు ఫోన్లు ఆగాలండి, ఇక్కడ అలాగే రాయమంటారా అని అడిగాను. డైరెక్టర్ కాగితం అందుకుని ఆ గడి చదివారు. “ఐదో వరుస చాలు” అని వెళ్ళిపోయారు. సమావేశంలో ఆయన బొమ్మ ఒకసారి నోరు తెరిచి అలాగే ఆగిపోయిందట, అంతకు మించి నష్టమేమీ లేదు. పది రోజులకు నా ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తర్వు వచ్చింది.

సార్ రిటైరై తెల్లాపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. మొహమాటం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. కాదని చెప్పాల్సిన ప్రతిసారీ గొంతు ఇంకా వణుకుతుంది, వణుకుతూనే అడుగుతాను. పోయిన నెల సార్ ఫోన్ చేశారు. అల్లుడు మా భవనంలోనే పనిచేస్తాడట, అతని వీడియో నత్తనడక నడుస్తోందట, ఏడో వరుసలో పెట్టమన్నారు. ఆయన అడిగితే నేను ఏదైనా చేస్తాను. అయినా, “ఎవరు ఆగాలండి సార్?” అన్నాను. నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను.

“మంచిగ అడిగినవ్ బిడ్డా,” అన్నారు సార్. “మా అల్లుణ్నే ఆగమను.”