కొరికి చూసే ఖాలా

వనపర్తిలో నేను టీచరుగా ఉన్న అంగన్‌వాడీ పక్కింట్లో ఒక దర్జీ ఉండేది; ఉర్దూలో పిన్ని అన్నట్టు అందరం ఆమెను ఖాలా అనేవాళ్లం. ఏది కుట్టినా చివరికి పంటితో పట్టి గట్టిగా లాగేది. ఊడకపోతేనే పక్కన పెట్టేది.

ఆ ఏడు బతుకమ్మకు, మా రెండేళ్ల పిల్లలు ఎంత నలిపినా నలగని పూలు చేయాలని ఖాలాకూ నాకూ ఒకటే హుషారు. పసుపు ఫెల్టు గుడ్డతో తంగేడు, తెల్లదానితో గునుగు. నేను పూలను కుట్టింది తక్కువ, సూది నన్ను కుట్టింది ఎక్కువ. అందుకే నా పూల నడుమ పూసలను జిగురుతో అంటించి గర్వంగా చూపించాను.

ఖాలా ఒకదాన్ని కొరికింది. పూస ఆమె నోట్లోనే ఉండిపోయింది.

"గిదేంది టీచరమ్మా! పోరగాండ్లు చేతులతోని కాదు, నోటితోని ఆడుతరు. గొంతుల పడితే?"

తెల్లారితే పండగ.

"ఇరవై పూలున్నయి ఖాలా!"

"ఉంటేంది? అన్నీ పీకు. దారంతోనే బొట్లు కుడ్త."

పొద్దుగూకేలోపు కుట్టేసింది.

మర్నాడు పిల్లలు ఆ పూలను పేర్చారు, కూల్చారు, చప్పరించారు. ఒక్క బొట్టూ ఊడలేదు. ఇంతలో ఒక చిన్నది పూలన్నీ ఒళ్లో పోసుకొని వెళ్లి, చేతులు కడుక్కునే టబ్బులో వేసేసింది. నేను అయ్యో అని ఉరకబోతే ఖాలా నా కొంగు పట్టుకుంది.

"జర ఆగు! బతుకమ్మను నీళ్లల్ల గాక యాడ ఏస్తరు?"

అంటూనే చప్పట్లు కొట్టుకుంటూ, పిల్లలతో పాటు ఆ టబ్బు చుట్టూ తిరగసాగింది.