సూపర్‌వైజరుకి చెక్కబిళ్ల

మా చెల్లెల్ని గెంటేసిన సూపర్‌వైజరు ఈ రోజు నా దగ్గరికే కాళ్లబేరానికి వచ్చాడు.

అప్పట్లో మా బూట్ల ఫ్యాక్టరీలో బాత్రూంకి వెళ్లాలంటే అతన్నడిగి చెక్కబిళ్ల తీసుకోవాలి. చెల్లెలు ఒకసారి బిళ్ల లేకుండా వెళ్లిందని, ఏం చెప్తున్నా వినకుండా, "హంబా! ఫో బయటికి!" అంటూ దాన్ని గేటు బయటికి తోలాడు.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. విచారణ జరపకుండా ఎవరినీ తీసేయకూడదు. ఈ రోజు విచారణ అతనిమీదే.

"అక్కా, నువ్వు యూనియన్ మనిషివి గదా, నా పక్కన కూచో. నా మాట ఇనకుండా పంపేస్తే న్యాయమా?"

అక్కనట! అయినా కూర్చున్నాను. మేనేజరు విసుక్కున్నా అతని మాట చివరిదాకా వినిపించాను. మధ్యలో ఒకసారి "బాత్రూంకి పోయొస్తా అక్కా" అన్నాడు. ఆ పద్ధతి ఎత్తేసిన రోజు నేను దాచుకున్న బిళ్లను సంచిలోంచి తీసి చేతిలో పెట్టాను.

"తొందరగా రా. లైను ఆగిపోతుంది" అన్నాను, అతను మాతో అన్నట్టే.

చట్టం చట్టమే, కసి కసే. కాదంటారా?