పాత వెర్షన్, కొత్త వెర్షన్, మా కంప్యూటర్ సార్

సోమవారం పొద్దున బడికి బయలుదేరుతుంటే సార్ వాళ్ళావిడ ఫోన్ చేశారు. "మీ సార్ ఇక లేరమ్మా. నిద్రలోనే పోయారు" అన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో ఇనుప గనులున్న మా బచేలిలో, బడిలో నాకు కంప్యూటర్ నేర్పింది ఆయనే. ఇప్పుడు అదే బడిలో నేను పాఠం చెబుతున్నాను.

రిటైరయ్యాక సార్ రక్తదాతల కోసం ఒక వెబ్‌సైట్ నడిపారు. మా వైపు సికిల్ సెల్ జబ్బున్న పిల్లలు ఎక్కువ. వాళ్ళకు తరచూ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. సార్ ఇచ్చిన పాస్‌వర్డ్‌తో తెరిస్తే దగ్గర్లోని దాతల నంబర్లు కనిపించేవి. ఆ పేజీని ఫోన్లకు పంపే వెబ్ సర్వర్ ప్రోగ్రాం ఓపెన్ సోర్స్‌ది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అది సార్ ఇంటి ముందుగదిలోని కంప్యూటర్‌లో ఉండేది.

రెండేళ్ళ క్రితం ఆ సర్వర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. పాతదానికి మరమ్మతులు ఆపేస్తున్నామని తయారుచేసేవాళ్ళు ప్రకటించారు.

"ఈ రోజే మార్చేద్దాం సార్" అన్నాను.

"ముందు వేరే కంప్యూటర్‌లో పెట్టి చూద్దాం. తొందరేముందమ్మా?" అన్నారు.

టీ కూడా చల్లారాక తాగే మనిషి. ఆ నెమ్మది చూస్తే నాకు విసుగు. ఆయన సంతకు వెళ్ళిన గంటలో నేనే మార్చేశాను.

పేజీ ఎవరెవరు తెరవొచ్చో పాత పద్ధతిలో రాసిన అనుమతులు కొత్తదానికి అర్థం కాలేదు. పేజీ అందరికీ మూసుకుపోయింది. నేను దాంతో కుస్తీ పడుతుండగానే సార్ కూరల సంచీతో లోపలికొచ్చారు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. కిష్టారం నుంచి కూతుర్ని ఆసుపత్రికి తెచ్చిన ఒక తల్లి.

"ఏంది సార్, పేజీ తెరుసుకుంటలేదు? బిడ్డకు రక్తం కావాలంటున్నరు."

"తప్పు మాది తల్లీ. ఫోన్ పెట్టకు" అంటూ సార్ అలమారలోంచి అచ్చు జాబితా తీసి నంబర్లు చదివారు. మూడో దాత అరగంటలో ఆసుపత్రికి చేరాడు. తర్వాత సార్ పాత వెర్షన్‌నే తిరిగి పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకే ఏడుపొచ్చింది.

"ఇక పాతదే ఉంచుదాం సార్. నేను ముట్టుకోను."

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఇందాక తొందరపడ్డావు, ఇప్పుడు భయపడుతున్నావు. రెండూ పక్కనపెట్టి ఆలోచించు. పాతదాంట్లో రేపు లోపం బయటపడితే సరిచేసేవాళ్ళుండరు, నంబర్లు ఎవరి చేతుల్లోనైనా పడొచ్చు. జనం మనల్ని నమ్మి నంబర్లిచ్చారు. కొత్తదానికే వెళ్దాం. కానీ నేర్చుకుని వెళ్దాం."

రెండు ఆదివారాలు వేరే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అనుమతుల్లో ఒక్కో వరుసా తిరగరాశాం. కీబోర్డు నాకే ఇచ్చారు. తప్పు కొడితే గొంతు సవరించుకునేవారు, అంతే. మార్చిన రోజు ఆ తల్లికి ఆయనే ఫోన్ చేశారు.

"ఇప్పుడు చూడు తల్లీ."

"తెరుచుకున్నది సార్. బిడ్డ గూడ బడికి పోతున్నది."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పోయిన వారం ఆ సర్వర్‌కి మరో వెర్షన్ వచ్చింది. ఇప్పుడు మా బడి ల్యాబ్‌లో పన్నెండో తరగతి అమ్మాయిలిద్దరు దాన్ని ముందు వేరే కంప్యూటర్‌లో పెట్టి పరీక్షిస్తున్నారు. ఒకమ్మాయి మార్పులన్నీ హిందీలో చెబుతుంటే, రెండో అమ్మాయి గోండీలో అడ్డుపడుతోంది, ఆ వరుస మళ్ళీ చూద్దామని. ఒకే కుర్చీలో చెరిసగం కూర్చున్నారు. కిటికీ అవతల వాన వెలిసి, కొండ మీంచి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. వాళ్ళు మాత్రం తలెత్తలేదు.