ఎండాకాలంలో హీటర్

నిన్న మధ్యాహ్నం మూడూ పదికి ఎల్బీనగర్‌లో నేను ఎక్కిన క్యాబ్ చాలాసేపు ఎండలో నిలబెట్టినది కావడంతో, డ్రైవరు ఏసీ వేయగానే ముందు వేడిగాలి వచ్చి నా పాదాలకు తగిలింది. మరో నిమిషంలో అది చల్లబడుతుందని నాకు తెలుసు. అయినా ఆపేయమన్నాను. ఇంత ఎండలో ఏసీ వద్దనే మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు అతను అద్దంలో నన్నొకసారి చూసి, ఆపేసి, కిటికీలు దించాడు. కొత్తపేట దాటేవరకు నేను రోడ్డు వైపు చూడలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఈ రోడ్డు పక్కన బతికినవాళ్లకు, ముఖ్యంగా నా ఈడు వాళ్లకు, బంద్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రేపు బస్సులు తిరుగుతాయో లేదో టీవీ కన్నా ముందు పాలవాడు చెప్పేవాడు. మా వీధిలో సగంమంది మాలాగా కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, సగంమంది హయత్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. పగలు ఒకరింటి నుంచి ఒకరింటికి పాలల్లోకి తోడు వెళ్లేది, సాయంత్రం వార్తల వేళకు ఎవరి తలుపులు వాళ్లు వేసుకునేవాళ్లు. మా ఇంట్లో మాత్రం బంద్ అంటే ఇంకో భయం ఉండేది. మా ఆయనకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు దిల్‌సుఖ్‌నగర్ అవతల ఒక ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి.

ఆయన బస్సుల వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి, జబ్బు వల్ల ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. మాకు పిల్లలు లేరు. ఉన్న ఒక్క తమ్ముడు, అంటే మా మరిది, కిడ్నీ ఇస్తానని తనే ముందుకొచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాయి, సరిపోయింది, ఆసుపత్రిలో చేరే రోజు కూడా ఖాయమైంది. ఆ ఉదయం అతను రాలేదు. ఫోను ఎత్తలేదు. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడి, తనవల్ల కాదని చెప్పాడు. అతనికి ఇద్దరు చిన్న ఆడపిల్లలు. మా తోడికోడలు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి అతని కాళ్లు పట్టుకుందని తర్వాత విన్నాను. నేను అతన్ని తప్పు పట్టలేదు. మా ఆయన పట్టారు, ఇక చనిపోయేదాకా వదల్లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మరిది ఒక పాత తెల్లకారు కొన్నాడు. ఎందుకు కొన్నాడో చెప్పలేదు గానీ డయాలసిస్ ఉన్న రోజు తెల్లవారేసరికి మా గేటు ముందు ఉండేది. బంద్‌ల వల్ల ఆటోలు దొరకని రోజుల్లో ఆ కారే లేకపోతే మేము ఏం చేసేవాళ్లమో నాకు తెలియదు. మా ఆయన దానిలో ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఒకే మాట అనేవారు. "పదరా, నన్ను చంపే మనిషి బండి ఇదే కదా." మొదట్లో అలా అనొద్దని వారించేదాన్ని, తర్వాత అలవాటైంది. మనిషి ఏ మాటకైనా అలవాటు పడతాడు, అదే భయంకరం.

ఆ కారుకు ఒక రోగం ఉండేది. రేడియేటర్ పూడుకుపోయి, బండి పరుగెడుతున్నంతసేపు బాగానే ఉండేది గానీ, ట్రాఫిక్‌లో ఆగిందంటే ఇంజన్ కాగిపోయేది. ఆపితే బ్యాటరీ బలం చాలక మళ్లీ స్టార్టయ్యేది కాదు. అంత పాత బండికి రేడియేటర్ దొరకడమే కష్టం, దుకాణాలు ఒకరోజు తీస్తే రెండురోజులు మూసేవాళ్లు. అప్పటిదాకా హీటర్ వేసుకుని నడపమని కొత్తపేట మెకానిక్ చెప్పాడు. హీటర్ వేస్తే ఇంజన్ వేడి కొంత ఫ్యాను గాలితో కారు లోపలికి వచ్చేస్తుంది, ఇంజన్ నిలబడుతుంది. మనుషులు ఉడుకుతారు.

చిక్కల్లా ఆ ఫ్యానుతో వచ్చింది. దాన్ని తిప్పే మీటకు నాలుగు మెట్లుంటే మొదటి మూడింటి మీద కదలదు, నాలుగో మెట్టు మీద మాత్రం ఒక్కసారిగా ఈదురుగాలిలా కొడుతుంది. డయాలసిస్ మనిషికి రోజుకు కొలిచి ఇన్ని గుక్కల నీళ్లని లెక్క. దాహం వేసినా తాగడానికి లేదు. అలాంటి మనిషి మొహాన జూన్ నెలలో ఆ వేడిగాలి పూర్తి వేగంతో కొట్టడం మరిది చూడలేకపోయాడు. రెండో మెట్టు మీద తిరిగేలా చేయమని మెకానిక్‌ను బతిమాలాడు. మెకానిక్ కారు చుట్టూ ఒకసారి తిరిగి నవ్వాడు.

"హైదరాబాద్ల హీటర్ బాగు చేయమన్నోన్ని నిన్నే జూస్తున్న సార్. కశ్మీర్ పోతున్రా ఏంది? నాలుగు మీద తిరుగుతుంది గదా, ఇంక పరేషాన్ ఎందుకు? ఇంజన్ సల్లగుంటే సాలు. మనిషిదేముంది, అద్దం దించుకుంటడు."

దాంతో మరిది తనే పూనుకున్నాడు. ఆదివారాల్లో మా గేటు లోపల కారు పెట్టి, ఎడమ సీటు ముందు వెల్లకిలా పడుకుని, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చేవాడు. ఫ్యూజు మార్చాడు. మీట పాడైందేమోనని కొత్తది తెచ్చి బిగించాడు. తీగలు ఒక్కొక్కటీ పట్టి చూశాడు. బ్యాటరీ నుంచి నేరుగా తీగ ఇస్తే మోటారు బ్రహ్మాండంగా తిరిగింది, మీట తిప్పితే మాత్రం మళ్లీ అదే కథ. మా ఆయన వరండాలో నవారు మంచం మీద పడుకుని ఇదంతా చూస్తుండేవారు. ముప్ఫై ఏళ్లు బస్సుల తీగలతో బతికిన మనిషి. ఏమీ చెప్పేవారు కాదు. అతను అలసిపోయి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటున్నప్పుడు మాత్రం అనేవారు.

"ఆపేశావా? ఆఖరిదాకా వచ్చి ఆపేయడం నీకు అలవాటేగా."

అతను మళ్లీ లోపలికి దూరేవాడు. నేను మజ్జిగ ఇస్తే అన్నయ్యకు కనపడకుండా వంటింట్లోకి వచ్చి తాగేవాడు.

మూడో ఆదివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయన నాతో చాలా మామూలుగా అన్నారు, పోయింది ఫ్యాను వేగం తగ్గించే రెసిస్టర్ అని, వేలెడంత ముక్క అని, మొదటి రోజే తనకు తెలుసని. మరి చెప్పవచ్చు కదా అన్నాను. "వెతకనీ," అన్నారు. నేను అప్పుడే మరిదికి ఫోను చేసి చెప్పాను. అతను ఆ ముక్క పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, సరే వదినా, రేపు పట్టుకొస్తాను అన్నాడు. మర్నాడు కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఆ రోజు డయాలసిస్‌కు కూడా వెళ్లలేకపోయాం. ఎల్లుండి వంతు తప్పకూడదని ఆసుపత్రివాళ్లు గట్టిగా చెప్పారు. అప్పటికే ఆయన పాదాలు ఉబ్బిపోయి వేలితో నొక్కితే గుంట పడుతోంది, పడుకుంటే ఆయాసం. ఇంకొక్కసారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందన్నారు.

బుధవారం బయల్దేరాం. ఎల్బీనగర్ చౌరస్తా ఎలాగో దాటాం గానీ కొత్తపేట దగ్గర రోడ్డు మొత్తం ఆగిపోయింది. అక్కడ వంటావార్పు జరుగుతోంది. నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పు వండి, ఆ రోడ్డు మీదే బంతులు తీర్చి తినేవాళ్లు, చూసినవాళ్లకు గుర్తుంటుంది. బండ్లు ఒక బారెడు కదిలి మళ్లీ ఆగుతున్నాయి. ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది. మరిది అన్నయ్య వైపు ఒకసారి చూసి, హీటర్ నాలుగో మెట్టుకు తిప్పాడు.

ఆ గాలి ఎలా ఉండేదో నేను రాయను. తడి తువ్వాలు ఆయన మెడ మీద వేస్తే కాసేపట్లో ఎండిపోయింది. కిటికీ దించితే బయట కూడా నిప్పులే. అప్పుడు ఉద్యమం కండువాలు వేసుకున్న ముగ్గురు నలుగురు కుర్రాళ్లు వచ్చి, పేషెంటుంటే దారిస్తామంటూ లోపలికి వంగి చూశారు. ఒకతని మొహానికి ఆ గాలి కొట్టింది.

"ఏందన్నా గిది! గింత ఎండల హీటర్ ఏసినవ్? ముసలాయన్ని ఉడకవెడ్తున్నవా?"

మరిది నోరు తెరిచేలోపే మా ఆయన, రోజూ అనే మాటే, రోజూ అనే గొంతుతోనే అన్నారు. "అవును బాబూ. వీడు నా తమ్ముడు. నన్ను చంపడానికే తీసుకెళ్తున్నాడు."

మా ఇంట్లో ఆ మాట పాతబడిపోయింది. వాళ్లకు కొత్త. ఒకతను తలుపు తీసి మరిదిని చొక్కా పట్టి కిందికి లాగాడు, ఇంకొకతను చేయి పెట్టి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. మరిది కంగారులో, హీటర్ వేస్తేనే ఇంజన్ చల్లబడుద్దండీ, అంటున్నాడు. ఆ మాట తెలియనివాళ్లకు ఎలా వినపడుతుందో ఆలోచించండి, అదీ మా కోస్తా యాసలో.

"సల్లవడుద్దండీ అంట ఇనుర్రి! గిట్లయితే ఇంజన్‌కు సలి వెడ్తదేమో, జర దుప్పటి గప్పు!"

చుట్టూ నవ్వారు. నవ్వుతూనే ఎవరో కొట్టారు. అతని పెదవి చిట్లింది. నేను దిగి, ఆయన డయాలసిస్ మనిషి బాబూ, నా మరిది బండి నడపకపోతే ప్రాణం పోతుంది, అని అరిచాను. నా మాటలోనూ అదే యాస. ఒక పెద్దమనిషి గుంపులోంచి వచ్చి కుర్రాళ్లను ఆపి, కిటికీ దగ్గర వంగి మా ఆయనను అడిగాడు. "నువ్వు జెప్పు సార్. నీ తమ్ముడు జెప్పేది నిజమేనా?"

ఒక్క మాట చాలు. ఆ విషయం అక్కడున్న వాళ్లందరిలో ఆయనకే బాగా తెలుసు. ఆయన ముందు అద్దంలోంచి తమ్ముడిని చూస్తూ కూర్చున్నారు. చిట్లిన పెదవిని, చిరిగిన జేబును చూశారు. ఎంతసేపని చెప్పలేను. పొయ్యి మీద పప్పు పొంగితే ఎవరో పరుగెత్తి మూత తీశారు, అప్పటికీ ఆయన మాట్లాడలేదు. చివరికి ఆయాసం ఎక్కువై, రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఆనించి, "నిజమే. బండి తోయమనండి," అన్నారు. ఆ నిజం తమ్ముడి కోసం చెప్పలేదని నాకు తెలుసు. తమ్ముడికీ తెలుసు.

కుర్రాళ్లు నాలుక కరుచుకున్నారు. వడ్డిస్తున్న ఒకావిడ రెండు స్టీలు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చి, ఒకటి కిటికీలోంచి ఆయనకు అందించింది. "తాగు పెద్దాయనా, పెదాలు ఎండిపోయినయ్." ఆయన చేయి దాకా వచ్చిన గ్లాసును నేను తీసుకుని వెనక్కి ఇచ్చేశాను. రెండో గ్లాసు మరిదికిచ్చింది. ఎప్పుడూ వంటింట్లోకి వచ్చి దాక్కుని తాగే మనిషి, ఆ రోజు అన్నయ్య ఎదురుగా, ముందు అద్దానికి అడ్డంగా నిలబడి, తొందర లేకుండా చివరి చుక్క దాకా తాగాడు. మా ఆయన అతని గొంతు వైపే చూశారు. తర్వాత మరిది వచ్చి కూర్చున్నాడు, కొట్టినవాళ్లే జై తెలంగాణ అంటూ తోశారు, బండి స్టార్టయింది.

మేము వెళ్లేసరికి ఆయన వంతు దాటిపోయి మిషను వేరేవాళ్లకు ఇచ్చేశారు. బతిమాలితే సాయంత్రం సగంసేపు చేశారు. నర్సు మరిది పెదవి చూసి, దూది ఇస్తూ, ఆయన ఎవరమ్మా అని నన్నడిగింది. మంచం మీద నుంచి మా ఆయనే చెప్పారు. "డ్రైవరు."

తర్వాతి వారం రెసిస్టర్ దొరికింది, ఫ్యాను రెండో మెట్టు మీద మెల్లగా తిరిగింది. ఆ చలికాలం రాకముందే పోయారు. ఆఖరి వారం దాకా తెల్లవారేసరికి కారు గేటు ముందు ఉంది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో నడుస్తోంది. కొత్తపేట మెకానిక్ షెడ్డు రోడ్డు వెడల్పులో పోయింది. మా వీధిలోవాళ్లు ఆ రోజుల గురించి అప్పుడప్పుడు నవ్వుతూ చెప్పుకుంటారు, ఎవరు ఎవర్ని ఏమన్నారో మర్చిపోయినట్టే మాట్లాడుకుంటారు. మర్చిపోవడం మంచిదే. మా మరిది తుర్కయంజాల్‌లో ఉంటున్నాడు. కొడుకులు లేని మనిషికి తలకొరివి అతనే పెట్టాడు, ఏటా ఆబ్దికం కూడా అతనే పెట్టేవాడు. పొద్దున్నే వచ్చి, పంతులు చెప్పినట్టు చేసి, అంతా ముగిసేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చునేవాడు. ఒక ఏడు భోజనం చేసి, చేయి కడుక్కుని వచ్చి, తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టి, "వచ్చే ఏడాది నుంచి నేను పెట్టను వదినా," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతని బాకీ ఎప్పుడో తీరిపోయింది. వేరే ఎవరితోనైనా పెట్టించమని బంధువులన్నారు. పెట్టించలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఆబ్దికం పెట్టడం లేదు.