రాజలింగం పళ్ళపొడి

మా పై అంతస్తు రాజలింగం నవ్వితే, ఎదురుగా ఇంకో రైలు లైటు వేసుకుని వస్తోందనుకుని తార్నాక స్టేషనులో మెట్రో ఆగిపోయిందని చెబితే మా మనవరాలు నమ్మదు. మీరూ నమ్మకండి. కానీ యాభై ఎనిమిదేళ్ల మనిషికి అంత తెల్లని పళ్ళు ఎలా వచ్చాయో మాత్రం నాకు తెలుసు.

రాజలింగం యూనివర్సిటీలో సివిల్ ల్యాబ్ అటెండరు. ఆరంగుళాల కాంక్రీటు దిమ్మెలు పోయడం, ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచడం, ఆపైన మిషన్లో పెట్టి పగలగొట్టడం అతని పని. ముప్ఫై ఏళ్లుగా పగలగొట్టినందుకే జీతం తీసుకుంటున్న మనిషి అతనొక్కడే.

ఈ మధ్య స్వరూప అనే రీసెర్చి అమ్మాయి బస్తాలకొద్దీ వరి ఊక తెప్పించింది. సిమెంటు తయారీలో బోలెడంత కార్బన్ గాలిలో కలుస్తుందట. ఊకను కాల్చి, ఆ బూడిదను మెత్తగా పొడి చేసి, సిమెంటులో అయిదో వంతుకు బదులు కలిపితే ఆ పాపం కొంత తగ్గుతుందట. బూడిదను చూడగానే రాజలింగానికి తన చిన్నప్పటి పళ్ళపొడి గుర్తొచ్చింది. రోజూ ల్యాబ్ తెరవగానే చిటికెడు వేలికి అద్దుకుని నల్లా దగ్గర తోముకునేవాడు. ఇంట్లో పేస్టు తరగడం లేదేమిటా అని భార్య లచ్చవ్వకు అనుమానం కూడా వచ్చింది.

స్వరూప మొదటి విడత దిమ్మెలు గట్టిగా నిలిచాయి. రెండో విడత కూడా నిలిస్తే థీసిస్ ఇచ్చేయొచ్చు. లేదంటే ఇంకో ఏడాది హాస్టల్ సాంబారు.

రెండో విడత పోయాల్సిన రోజు పొద్దున నేను క్యాంపస్‌లో నడుస్తుంటే, రాజలింగం చెంప పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"కొత్త డబ్బా బూడిద చిగుళ్లు గీకింది సార్. గంత గరుకుంటే దిమ్మె నిలవదు. చెప్తే నా పరువు పోతది, చెప్పకుంటే పిల్ల ఏడాది పోతది."

"నీ పరువును కూడా మిషన్లో పెట్టు. ఎన్ని టన్నులకు పగులుతుందో చూద్దాం," అన్నాను.

నా మాట నచ్చలేదు గానీ లేచాడు. ఇలాంటివి వదులుకునే రకం కాను గనక నేనూ వెంట వెళ్లాను.

స్వరూప అప్పటికే బూడిద తూకం వేస్తోంది.

"బిడ్డా, ఆ డబ్బా కలపకు. గరుకున్నది."

"జల్లించకుండ ఎట్ల తెలిసింది కాకా?"

రాజలింగం నేలను చూశాడు, నన్ను చూశాడు, చివరికి నోరు తెరిచి చిగురు చూపించాడు.

"రోజూ దీంతోనే తోముకుంటున్న."

"అంటే రెండు నెలల సంది తగ్గుతున్న బూడిద నీ నోట్లకే పోతున్నదా? ఎలుకలనుకొని బోను పెట్టిన కాకా!"

"బూడిద తినే ఎలుక యాడుంటది బిడ్డా?" అన్నాడు రాజలింగం, నొచ్చుకుని.

ఆమె జల్లెడ పట్టింది. సగం బూడిద పైనే ఆగిపోయింది. బూడిదను పొడి చేసే మిల్లు కరెంటు పోయి రెండు గంటలు ఆగితే, ఆ రెండు గంటలనూ ఆమె మిల్లు తిరిగిన లెక్కలోనే వేసేసింది. మళ్లీ పొడి చేసి, మర్నాడు దిమ్మెలు పోశారు.

ఇరవై ఎనిమిదో రోజున, పగలకూడదని మొక్కుకుంటూ రాజలింగం మొదటి దిమ్మెను మిషన్లో పెట్టాడు. మామూలు సిమెంటు దిమ్మె పగిలిన గీతను మిషను మీది ముల్లు దాటాకే అది పగిలింది. స్వరూప వేసిన కేకకు కాచిగూడలో ఒక రైలు సిగ్నల్ పడకముందే బయల్దేరిందని చెబుతారు. చెప్పేది నేనే.

ఇప్పుడు కొత్త డబ్బా తెరిస్తే, స్వరూప జల్లెడ కంటే ముందు "కాకా, తోముకున్నవా?" అని అడుగుతుంది.

నేనూ ఒక చిటికెడు అడిగి చూశాను.

"మీవి కట్టుడు పళ్ళు సార్," అన్నాడు రాజలింగం, ఉన్న పళ్ళన్నీ చూపిస్తూ. "మీకు ఒట్టి సిమెంటే సరిపోతది."