తాత కంచం దగ్గర తురుము పలక

మా చిన్నప్పుడు తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఇంట్లో ఎవరమూ కంచంలో చెయ్యి పెట్టేవాళ్ళం కాదు... ఆయన తిని లేచేదాకా లేచేవాళ్ళమూ కాదు. ఆకలి దంచేస్తున్నా సరే, అదే పద్ధతి.

బంగారుపాళ్యం దగ్గర మాకు కాస్త మామిడితోట ఉండేది. ఎండాకాలం వస్తే తాతకు రాగిసంగటిలోకి పచ్చి మామిడికాయ ముక్కలు, ఉప్పుకారం ఉండాల్సిందే. ఆయన ముక్క కొరికితే ఆ కరకర శబ్దం వాకిట్లోకి వినబడేది...

అట్లాంటి మనిషికి ఒక్కో పన్నూ ఊడిపోయింది. ముక్కను చిగుళ్ళ మధ్య నలుపుతూ కూర్చునేవాడు. మేమంతా ఎండిపోయిన చేతులతో ఎదురుచూసేవాళ్ళం. ఒకరోజు మా చిన్నాయన చిత్తూరు బస్సుకు పోవాలి. హారన్ వినబడితే తల తిప్పాడు, అంతే... తాత అది చూశాడు.

మర్నాటి నుంచి "మీరు తినండి, నాకు ఆకలి కాలే" అనడం మొదలుపెట్టాడు. మేం తిన్నాక వెనక వసారాలో ఒక్కడే కూర్చుని, మజ్జిగలో కలిపిన సంగటి తాగి పడుకునేవాడు. చూస్తుండగానే మనిషి సగమయ్యాడు. ఆయన పీట ఖాళీగా ఉంటే మాకూ ముద్ద దిగేది కాదు.

నాయన చిత్తూరు బజారు నుంచి అరచెయ్యంత తురుము పలక ఒకటి తెచ్చాడు. అమ్మ వంటింట్లోనే మామిడికాయ తురిమి గిన్నెలో పెట్టుకొచ్చి, బతిమాలి తాతను పంక్తిలో కూర్చోబెట్టింది. గిన్నె చూడగానే తాత ముఖం మాడిపోయింది.

"నాకొకనికే తురిమినావా? నేనేమన్నా పసిబిడ్డనా? ఎత్తకపో!"

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నాయన తన కంచం ముందుకు జరిపాడు. "ఆ పలక ఈడికి తే. నాకు గూడా తురుము. ముక్క కొరికితే పండ్లు పులుస్తా ఉండాయి."

చెరుకును పళ్ళతో చీల్చే మనిషి మా నాయన! వెంటనే చిన్నాయన కూడా కంచం జరిపాడు. అమ్మ పలక తెచ్చి, పంక్తి వెంబడి వంగి, ఒక్కో కంచంలో తురుముతూ వచ్చింది. "నాకు ముక్కే కావల్ల" అన్నాను నేను. అమ్మ ఒక చూపు చూసింది... నేనూ కంచం జరిపాను.

తాత పంక్తి పొడుగునా ఒక్కో కంచమూ చూశాడు. చివరికి, "సరే... ఈడ గూడా రవ్వంత రాల్సమ్మా" అన్నాడు. ఆయన తింటున్నంతసేపూ మేమెవరమూ తలెత్తి చూడలేదు.

ఆ తర్వాత తాత ఉన్నన్నాళ్ళూ దోసకాయైనా, కొబ్బరైనా, బెల్లమైనా మా అందరి కంచాల్లోనూ తురుమే. చుట్టాలొచ్చినా అంతే.

తాత పోయాక వచ్చిన ఎండాకాలం, అమ్మ మళ్ళీ ముక్కలు కోసి వడ్డించింది. నాయన ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కొరకలేక కంచం అంచున పెట్టేశాడు. ఆయన ఏడవగా నేను చూసింది ఆరోజే...

ఇప్పుడు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ ఉంది. ఎవరి వేళకు వాళ్ళు వచ్చి తింటాం. ఎవరు ఎంత నిదానంగా తిన్నా ఎవరికీ ఇబ్బంది లేదు... ఎందుకంటే పక్కన ఎవరూ ఉండరు. అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

మీ ఇంట్లో ఏ ఒక్కరి కోసం అందరూ తమ తిండి మార్చుకున్నారు? చెప్పండి... వినాలని ఉంది.