‘లేదు’ అని రాసిన గడి

పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. ఒక శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి కంపెనీ బస్సులో పటేల్‌గూడలోని ఇంటికి వస్తుంటే ఫోన్లో మా వీసా ఏజెంటు పంపిన మెయిల్ కనబడింది. కెనడాలో స్థిరపడడానికి నేనూ నా భార్యా కలిసి పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరించారు. కారణం కూడా రాశారు. ఇంతకుముందు ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా అన్న చోట నేను ‘లేదు’ అని నింపాను. అది అబద్ధమని వాళ్ళకు తెలిసిపోయింది. ఐదేళ్ళ దాకా మళ్ళీ అడగడానికి వీల్లేదు.

పెళ్ళికి ముందు ఆస్ట్రేలియా చూసి రావాలని వీసాకు పెట్టుకుంటే ఇవ్వలేదు. ఆ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మరచిపోయి కాదు. నన్ను ఒకరు వద్దన్నారని ఆమెకు తెలియడం నాకు ఇష్టం లేక.

ఇంటికొచ్చి, “రిజెక్ట్ చేసిన్రు. కారణమేం రాయలే,” అన్నాను. ఆమె కంది ఊరి బడిలో సైన్సు టీచరు. కాసేపు నా ముఖం చూసి, “సరే, అన్నం తిను,” అంది. చర్చిలో అందరికీ నేనే చెప్తాను, నువ్వు చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకున్నాను.

చెప్పలేదు. మా చర్చిలో ఒక పెద్దామె ప్రతి శుక్రవారం మా వీసా కోసం ఉపవాసం ఉండేది. ఆమెకు షుగరు. ఆదివారం గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుని, “వచ్చిందా కొడుకా?” అని అడిగింది.

“ఇంకా రాలేదమ్మా.”

“వస్తది. ఈ శుక్కురారం గూడ ఉంట.”

అలా మూడు వారాలు గడిచాయి. మూడో శుక్రవారం సాయంత్రం ప్రార్థన మధ్యలో ఆమె కళ్ళు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. నా భార్య ఆమె తల ఒడిలో పెట్టుకుని, చక్కెర నీళ్ళు తాగిస్తూ నా వైపు చూసింది. నేనింకా చెప్పలేదని ఆమెకు అర్థమైపోయింది. ఇంటికొచ్చే దారిలో ఒక్క మాటే అంది. “రేపు ఏజెంటు దగ్గరికి పోదాం. కారణమేందో నేనే అడుగుత.”

పటాన్‌చెరులో ఏజెంటు ఆఫీసు. అతను ఆశ్చర్యపోయాడు. “లెటర్ సార్‌కు గారోజే పంపిన మేడం. పాత రిజెక్షన్ దాచిన్రు గద, అందుకే.” ఆ తర్వాత ధైర్యం చెప్పబోయాడు. “పరేషాన్ గాకుండ్రి. ఇంకో దేశానికి పెడదాం. అక్కడ గూడ ‘లేదు’ అనే రాద్దాం.”

“అవసరం లేదు,” అంది నా భార్య. “మా కాయిదాలన్నీ మాకిచ్చేయుండ్రి.”

బస్టాపులో కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత, “ఎప్పుడో వీసా రాలేదని నాకు చెప్తే నేనేమంటుంటి?” అని అడిగింది.

“ఏమనకపోదువు.”

“మరి?”

నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

మర్నాడు పెద్దామె ఇంటికి ఒక్కడినే వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“అయితే అది రాదని తెలిసే నన్ను పస్తు ఉంచితివా?”

“తప్పైంది అమ్మా.”

“ఇప్పుడు నీకేం చెప్పాల్నో నాకు సమజైతలేదు. ఇయ్యాల్టికి పో కొడుకా.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆ సందు చివరిదాకా తల ఎత్తలేకపోయాను.

అప్పీలుకు వెళ్ళలేదు. వాళ్ళు రాసింది నిజమైనప్పుడు దేని మీద వెళ్ళాలి? నా భార్య ఒక తెల్లకాగితం మీద రెండు తిరస్కారాల వివరాలూ వరుసగా రాసి పాస్‌పోర్టుల మధ్య పెట్టింది. ఇకమీద ఎక్కడ అడిగినా ఉన్నదున్నట్టు చెప్పాలన్నది ఆమె షరతు. గడువు తీరాక మళ్ళీ పెడతామో లేదో ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు. కొన్ని నెలల తర్వాత పెద్దామె నాతో మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టింది.

ఈ మధ్య ఇల్లు మారాం. గ్యాస్ కనెక్షన్ ఫారం నింపి సంతకం చేయబోతుంటే నా భార్య చేయి చాపింది. మొదటి వరుస నుంచి చివరిదాకా చదివి తిరిగిచ్చింది. నాకు కోపం రాలేదు. గడులన్నీ నేనూ ఇంకోసారి చదివి, సంతకం చేశాను.